పేరు పిలవని పళ్లెం

ఆక్టోపస్ వేటకు వెళ్లిన విల్బెర్త్ తిరిగి రాలేదనీ, ఈదురుగాలి తగ్గాక అతని చిన్న పడవ బోర్లా పడి దొరికిందనీ, మనిషి మాత్రం దొరకలేదనీ ఇంతవరకు ఈ కథ చదువుతూ వచ్చినవాళ్లకు తెలుసు. అది ఆగస్టులో జరిగింది. ఇప్పుడు సిసాల్ రేవులో నవంబరు. విల్బెర్త్ భార్య నేలియా రోజూ బడికి వెళ్లి పిల్లలకు పాఠం చెప్పి వస్తోంది. తల్లి ఫిదేలియా రోజూ సాయంత్రం ఒడ్డుదాకా వెళ్లి నిలబడి వస్తోంది. ఒకే కప్పు కింద ఉంటున్నా చనిపోయాడన్న మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ నోటితో అనలేదు. చనిపోయినవాళ్లు ఇంటికి వచ్చే పండుగకు ముందు ఇంట్లో మాసిన బట్ట ఒక్కటి కూడా ఉండకూడదని, వల ఉయ్యాల కట్టే మేకుకు వేలాడుతున్న విల్బెర్త్ చొక్కా మీద అత్తగారు చెయ్యి వేయడం, నేలియా ఆ చెయ్యి పట్టుకుని ఆపడం కిందటి వారం చూశాం. ఆ చొక్కా ఇంకా ఆ మేకుకే ఉంది.

పండుగ మొదటి రోజు పసిపిల్లల ఆత్మలది. వాళ్లు వచ్చి వెళ్లిపోయారు. రెండో రోజు పెద్దలది. ఆ మధ్యాహ్నం నేలియా బడినుంచి వచ్చేసరికి రేవంతా పొగ పట్టి ఉంది. ప్రతి పెరట్లో గొయ్యి తవ్వి, అడుగున నిప్పులు పరిచి, అరిటాకుల్లో చుట్టిన కోడిమాంసం, మొక్కజొన్నపిండి రొట్టెలను పూడ్చిపెట్టారు. కుక్కలన్నింటినీ కట్టేశారు. వచ్చే ఆత్మలను చూసి మొరుగుతాయని.

ఇంట్లో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. ఫిదేలియా భర్తకు, తల్లికి, తండ్రికి, చిన్నతనంలో పోయిన చెల్లికి తలా ఒక పళ్లెం, పళ్లెం పక్కన ఒక కొవ్వొత్తి. గడప పక్కన ముక్కాలిపీట మీద ఇంకో పళ్లెం. అది తమవాళ్లంటూ ఎవరూ లేని ఆత్మకు. అవన్నీ ఏటా ఉండేవే. బల్ల చివర, గోడవైపు, మరొకటి ఉంది. ఆకుపచ్చ అంచు ఉన్న పింగాణీ పళ్లెం. దాని పక్కన కొవ్వొత్తి లేదు.

నేలియా భుజానికున్న సంచి దించకుండానే దాన్ని చూసింది.

"ఇది ఎవరికి అత్తమ్మా?"

"ఎవరికీ కాదు ఇంకా," అంది ఫిదేలియా. "కూర్చో. నిలబడి వినే మాట కాదు."

ఆ తరవాత ఫిదేలియా చెప్పిందంతా నేలియా బల్ల అంచు చూస్తూ విన్నది. నా కొడుకు బతికే ఉన్నాడని ఇన్నాళ్లూ నేనే అందరితో అన్నాను, ఇప్పటికీ అదే అంటాను, అంది ఫిదేలియా. ఏ దూరపు పడవవాళ్లో తీసుకుపోయి ఉంటారు, ఏ ఊళ్లోనో జ్వరంతో పడి ఉంటాడు. కాని పొరపాటు నాదే అయితే? సంవత్సరానికి ఒక్కసారి పోయినవాళ్లకు సెలవు దొరుకుతుంది. ఆకలితో తన గుమ్మానికి వస్తాడు. లోపల తండ్రికి పళ్లెం ఉంటుంది, తాతకు ఉంటుంది, తనకు ఉండదు. అప్పుడు ఏం చేస్తాడు?

"ఆ ముక్కాలిపీట దగ్గరికి పోతాడు," అంది ఫిదేలియా. "నేను బతికుండగా నా కొడుకు దిక్కులేనివాళ్ల పళ్లెంలో తింటాడా?"

ఈ బల్ల ముందు బతికున్న మనిషి పేరు పిలిస్తే అతన్ని మనమే సాగనంపినట్టు కాదా అని నేలియా అడిగింది. ఆ ప్రశ్నకు అత్తగారు ముందే సిద్ధపడి ఉంది.

"పేరు పిలవం. కొవ్వొత్తి పెట్టం. వండింది పెడతాం, అంతే. పోయినవాడైతే వచ్చి తింటాడు. కాకపోతే ముట్టుకోడు. తిన్నాడో లేదో నోట్లో పెట్టుకుంటే మనకే తెలుస్తుంది."

ఆత్మలు తిన్న వంటలో రుచి మిగలదని అక్కడ పుట్టినవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అన్నం అలాగే ఉంటుంది, ముక్క అలాగే ఉంటుంది, వాటిలోని సారం పోతుంది. ప్రార్థన అయ్యాక ఇంటివాళ్లు ఆ పళ్లేలనుంచే తీసుకుని తింటారు. తిని, గడ్డిలా ఉంది, చక్కగా తిన్నారు పాపం అనుకుంటారు. నేలియాకు ఊహ తెలిసినప్పటినుంచి ఏ ఇంట్లోనూ ఇంకో మాట వినలేదు. చిన్నప్పుడు ఒకసారి అమ్మమ్మ కోసం పెట్టిన చాక్లెట్ పానకం తాగితే తియ్యగానే ఉంది. అయినా అమ్మ అడిగినప్పుడు చప్పగా ఉందనే చెప్పింది. అలా చెప్పాలి కనక.

వద్దు అనవలసింది. ఆ మాట అనడానికి కావలసిన బలం తనలో ఎక్కడ ఉందో నేలియా వెతుక్కోలేదు. విల్బెర్త్ బతికున్నాడని ఆమె నమ్మడం లేదు. చనిపోయాడనీ నమ్మడం లేదు. పొద్దున లేచి జడ వేసుకుంటోంది, పిల్లల పుస్తకాలు దిద్దుతోంది, వండుతోంది, గిన్నెలు కడుగుతోంది. ఆ పనులకు నమ్మకంతో అవసరం రాలేదు.

"సరే," అంది. "ఏం వండమంటారు?"

"నన్నడుగుతావేం? పెళ్లయ్యాక నా వంటకు వంకలు పెట్టడం నేర్చాడు. వాడికి ఏం కావాలో నీకే తెలియాలి."

అందులో దెప్పు ఉంది, కాని దాని మొన ఎప్పుడో అరిగిపోయింది. నేలియా సంచి దించి వంటింట్లోకి వెళ్లింది.

దీపాలవేళకు ప్రార్థన చదివే బ్రిహిదా వస్తుంది, ఊరంతా దోన్యా అని గౌరవంగా పిలిచే పెద్దావిడ. అంతలోపల గోతిలో పెట్టే వంట అయ్యేది కాదు. అయినా విల్బెర్త్‌కు అంతసేపు కాచుకుని కూర్చునే ఓపిక ఏనాడూ లేదు. వేటనుంచి వచ్చి, పెరట్లో బకెట్ ముందు కూర్చుని ఒంటినున్న ఉప్పునీళ్ల జిగురు వదిలించుకుని లేచేసరికి పళ్లెం కనబడాలి. ఒక మనిషి స్నానం ముగించేంతలో తయారయ్యే భోజనం అది. నేలియా దాన్ని ఎన్నిసార్లు వండిందో లెక్కలేదు. ఆమె ఆలోచించకపోయినా చేతులకు తెలుసు.

కోడి తొడల మీద, ఎముకదాకా, కత్తితో అడ్డంగా గాట్లు పెట్టింది. గాట్లుంటే తొందరగా ఉడుకుతాయి. జాఫ్రా గింజలు, మిరియాలు, జీలకర్ర కలిపి నూరిన ఎర్రముద్ద బజారునుంచి తెచ్చింది ఉంది. దాన్ని గిన్నెలో వేసి పుల్లనారింజ రసం పిండి వేళ్లతో చిదిమింది. పొట్టుతోనే పెనం మీద కాల్చిన వెల్లుల్లి ఒలిచి కలిపింది. ముక్కలన్నింటికీ ఆ ఎరుపు పట్టించింది, గాట్లలోపలికి కూడా. వేళ్లు మణికట్టుదాకా ఎర్రబడ్డాయి. ఆ రంగు రెండు రోజులదాకా పోదు. రేపు బడికి సెలవు కనక పిల్లలు చూడరు, అనుకుంది.

ముక్కలు నానేలోపు మిరపకాయ కోసం పెరట్లోకి వెళ్లింది. హబనేరో మొక్క గోడవారగా ఉంది, నీళ్లు పోసేవాడు లేక సగం ఎండింది. పండిన కాయలు రెండు దొరికాయి. పక్క పెరట్లో గొయ్యి తవ్వి తీస్తున్నట్టున్నారు, ఎవరో మాడింది మాడింది అంటున్నారు, ఇంకెవరో నవ్వుతున్నారు. నేలియా అక్కడ కొంచెంసేపు నిలబడింది. ఎందుకు నిలబడిందో తెలియలేదు. తిరిగి వచ్చేసరికి ఫిదేలియా పొయ్యిలో మంట ఎగదోస్తోంది.

ముక్కలు పెనం మీద వేస్తే చుయ్యిమన్నాయి. ఆ మంట మీద అవి కాలుతుండగా నేలియా పళ్లు కోసింది. హీకమ దుంప తొక్క తీసి తెల్లటి ముక్కలు చేసింది. కొరికితే నీళ్లూరే దుంప అది. నారింజ తొనలు గింజలు తీసి కోసింది, కమలాతొనలు విడదీసింది. అన్నింటి మీదా కొత్తిమీర చల్లింది, మిరపకాయ సన్నగా తరిగి కలిపింది, ఒక నిమ్మకాయ పిండింది. వేడి వేడి కోడిముక్క పక్కన చల్లటి ఈ పళ్లపచ్చడి లేకపోతే విల్బెర్త్ పళ్లెం ముట్టేవాడు కాదు. గుమ్మంలో కూర్చుని, రసం మోచేతిదాకా కారుతున్నా తుడుచుకోకుండా తినేవాడు.

మరిచిపోయి మిరపకాయ చేత్తో కన్ను నులుముకుంది. కన్ను భగ్గుమంది. నీళ్లు ఆగకుండా కారాయి. ఆగస్టునుంచి ఆ కళ్లలోంచి నీళ్లు రావడం అదే మొదలు. ఫిదేలియా చూసి తడిగుడ్డ అందించి బయటికి వెళ్లిపోయింది. ఏడుస్తోందని అనుకుని ఉంటుంది. నేలియా కాదని చెప్పలేదు.

రుఫీనో వచ్చాడు. విల్బెర్త్‌కు తమ్ముడు. ఈదురుగాలి వచ్చిన రోజు, వేట చిన్నపడవలను వెంట లాక్కెళ్లే పెద్దపడవ మీద ఉన్నది అతనే. చిన్నపడవలన్నింటినీ ఒక్కొక్కటిగా లాక్కుని, అన్నది కనబడక, చీకటిపడేదాకా తిరిగినవాడు అతనే. అప్పటినుంచి ఇంటికి వచ్చినప్పుడల్లా నవ్వించడానికే వచ్చినట్టు మాట్లాడతాడు.

"వదినా, నీ కోడి వాసన మూడిళ్ల అవతలికి కొట్టింది. దోన్యా బ్రిహిదా అక్కడ ప్రార్థన సగం మింగేసి బయలుదేరింది. పరలోకంలో ఆ ఇంటివాళ్లు ఇంకా రెండో చరణం దగ్గరే ఉన్నారు."

అలా అంటూనే బల్ల చివరనున్న పళ్లెం చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

దోన్యా బ్రిహిదా వయసు మీదపడిన మనిషి, కాని ఆ రోజు ఆమె నడక చూస్తే అలా అనిపించదు. ఇంకా నాలుగిళ్లకు పోవాలని వస్తూనే చెప్పింది. కొవ్వొత్తులు వెలిగించారు. మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆమె ఒక్కొక్క పేరూ పిలిచి, వచ్చి మీ ఇంట్లో మీరు భోజనం చేయండని పిలిచింది. ఫిదేలియా భర్త అన్సెల్మో పేరు పిలిచింది. తల్లిదండ్రుల పేర్లు పిలిచింది. చెల్లి పేరు పిలిచింది. ఆకుపచ్చ అంచు పళ్లెం దగ్గరికి వచ్చి ఆగింది. అందులో ఎర్రగా కాలిన కోడిముక్కలు, పక్కన పళ్లముక్కలు, వాటి నీళ్లు అంచుదాకా పాకాయి.

"ఇది ఎవరికమ్మా ఫిదేలియా?"

"చదవండి దోన్యా. పైవాడికి తెలుసు."

బ్రిహిదా నేలియావైపు ఒకసారి చూసింది. ఆ తరవాత చదివింది, ఆ చోట ఏ పేరూ లేకుండా.

కొవ్వొత్తులు సగం కరిగేదాకా లోపల ఎవరూ ఉండకూడదు. అందరూ బయట అరుగు మీద కూర్చున్నారు. బ్రిహిదా తన కీళ్లనొప్పుల గురించి, మాడిపోయిన పక్కింటివాళ్ల రొట్టె గురించి చెప్పింది. రుఫీనో ఊఁ కొట్టాడు. నేలియా చేతివేళ్ల ఎరుపు చూసుకుంటూ కూర్చుంది. తలుపు తెరిచే ఉంది, కాని ఎవరూ అటు చూడలేదు. సముద్రంమీది గాలి వచ్చి కొవ్వొత్తులు ఒక పక్కకు వాలినప్పుడు ఫిదేలియా కళ్లు మూసుకుంది.

లోపలికి వెళ్లాక ఆమె మిగతా పళ్లేల జోలికి పోలేదు. తిన్నగా బల్ల చివరికి నడిచి, ముక్క తుంచి, దాని మీద రెండు పళ్లముక్కలు పెట్టి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది. మింగింది. ఇంకో ముక్క తీసుకుంది. అదీ అంతే నెమ్మదిగా నమిలింది.

"వచ్చాడు," అంది.

పాలవాడు వచ్చాడన్నట్టే అంది. పళ్లెం రుఫీనోవైపు జరిపింది. అతను ముక్క నోట్లో పెట్టుకుంటూనే, "అవునమ్మా," అన్నాడు. ఇంకా నమలనేలేదు. బ్రిహిదా శిలువ గుర్తు వేసుకుని ఒక ముక్క తిని, రుచి పూర్తిగా పోయింది తల్లీ అని, రెండో ముక్క తీసుకుంది.

పళ్లెం నేలియా దగ్గరికి వచ్చింది. ఆమె కూడా తిన్నది. నోట్లో ఏదో మెత్తగా ఉంది, ఏదో నారగా ఉంది. అంతకంటే ఏమీ తెలియలేదు. కాని ఆగస్టునుంచి ఆమెకు ఏది తిన్నా అంతే. బడిలో పిల్లలు తెచ్చి పెట్టే మామిడిముక్కలు అంతే, పొద్దున తాగే కాఫీ అంతే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవలసిన సంగతిగా అనిపించలేదు.

ఆ తరవాతి మాటలు ఆమె చుట్టూ జరిగాయి. రేపటినుంచి తొమ్మిది రోజుల ప్రార్థన మొదలుపెడదామంది బ్రిహిదా. పొద్దున్నే అందరూ శ్మశానానికి వెళ్తారు కదా, తండ్రి పక్కనే చోటుంది, ఒక శిలువ చేసి నీలంరంగు వేసి సిద్ధంగా ఉంచమని ఫిదేలియా రుఫీనోకు చెప్పింది. పెద్ద అక్షరాలతో పేరు రాయాలి, దూరంనుంచి కనబడేలా. సరేనన్నాడు రుఫీనో. బ్రిహిదా ఇంకో ఇంటికి వెళ్లిపోయింది. ఫిదేలియా కుర్చీ లాక్కుని కూర్చుని, కొడుకు పళ్లెంలోంచి తినడం మొదలుపెట్టింది. ఆత్మలు మిగిల్చింది తినడం ఆచారమే. కాని ఆమె ఆచారం కోసం తింటున్నట్టు లేదు. ఇన్ని నెలల్లో ఆమె అలా కుదురుగా కూర్చుని కడుపుకు తినడం నేలియా చూడలేదు. మొహంలో ఏదో వదులైంది. సాయంత్రాలు ఒడ్డున నిలబడే మనిషి మొహం కాదు అది.

మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లిన నేలియా కుండ దగ్గర ఆగిపోయింది. చేతులు చేసిన పనులన్నీ వరసగా గుర్తొచ్చాయి. గాట్లు. ఎర్రముద్ద. పుల్లనారింజ. వెల్లుల్లి. మిరపకాయ. పొయ్యి. పళ్లు. మళ్లీ మొదటినుంచి గుర్తు చేసుకుంది. ఉప్పుజాడీ అరలో పైవరసలో ఉంది. పండుగకు ఇల్లు దులిపిన రోజు దాని మూత మీద బోర్లించిన గాజుగ్లాసు అలాగే ఉంది. బజారుముద్దలో ఉప్పు ఉండదు. ఎవరి ఉప్పు వాళ్లే వేసుకోవాలి.

వెనక రుఫీనో వచ్చి నిలబడ్డాడు. అమ్మకు నీళ్లు అన్నాడు.

"నేను ఉప్పు వేయలేదు," అంది నేలియా.

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తలుపువైపు చూసి గొంతు తగ్గించాడు.

"చెప్పకు వదినా."

"చప్పగా ఉంది నా వల్ల. ఎవరూ వచ్చి తినడం వల్ల కాదు."

"అయితే కానీ. అమ్మ తింటోంది చూశావా? రోజూ పొద్దున నేను పడవ నీళ్లలోకి తోసేటప్పుడు గట్టు మీద వచ్చి నిలబడుతుంది. ఏమీ అడగదు. నేను ఏదో మరిచిపోయి వచ్చినట్టు చూస్తుంది. ఆ చూపు ఇంక నా వల్ల కాదు. ఈ రాత్రి పడుకోనీ. రేపు శిలువ పాతనీ."

"నా మతిమరుపు మీద మీ అన్నను పాతిపెడతారా?"

"ఇంక దేని మీద పాతిపెట్టమంటావు?" అన్నాడు రుఫీనో. "ఏం మిగిలిందని?"

కోపంతో అన్న మాట కాదు అది. నిజంగానే అడిగాడు. అతను అన్నదాంట్లో ఆమెకు తప్పేమీ కనబడలేదు. ఇన్ని నెలలుగా తను ఎదురుచూడడం లేదనే ఆమె అనుకుంటూ వచ్చింది. ఎదురుచూసే పని అత్తగారిదని వదిలేసింది. కాని నీలంరంగు శిలువ మీద పెద్ద అక్షరాలతో ఆ పేరు కళ్లముందుకు వచ్చేసరికి, దాన్ని ఒప్పుకోలేకపోయింది. చనిపోయాడని తెలిస్తే రాయండి. చెంచాడు ఉప్పు పడలేదన్న కారణంతో మాత్రం రాయకండి. అంతవరకే ఆమెకు తెలిసింది.

నీళ్లగ్లాసు ఆమే తీసుకెళ్లింది. రుఫీనో ఆపబోయి ఆగిపోయాడు.

"అత్తమ్మా, ఒక తప్పు జరిగింది," అంది, గ్లాసు బల్ల మీద పెట్టి. "కూరలో ఉప్పు వేయడం మరిచిపోయాను. అందుకే చప్పగా ఉంది. విల్బెర్త్ రాలేదు."

ఫిదేలియా నీళ్లు తాగి మూతి తుడుచుకుంది.

"నువ్వు వేయలేదని నాకు తెలుసు."

రుఫీనో తలుపు దగ్గర కదలకుండా నిలబడ్డాడు.

"ఇవాళ కాదు," అంది ఫిదేలియా. "ఆగస్టునుంచి నీ వంటలో ఉప్పు లేదు. ఒక్కరోజు కూడా లేదు. చిక్కుళ్లలో లేదు, చేపలో లేదు. బడిపిల్లల తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్దుతావు కదా, నీ తప్పు దిద్దేవాళ్లెవరు?"

నడుముకు చుట్టుకున్న పైగుడ్డ జేబులోంచి చిన్న గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టింది. ముడి విప్పితే లోపల గళ్లుప్పు ఉంది. జాడీ దించితే నీ కంట పడుతుందని కొట్లో విడిగా కొనుక్కుని దగ్గర పెట్టుకుంటున్నాను, నువ్వు అటు తిరిగినప్పుడు నా పళ్లెంలో చల్లుకుంటున్నాను అని చెప్పింది. నువ్వు ఆ చప్పిడి ముద్ద కిక్కురుమనకుండా మింగుతుంటే ఏమని చెప్పను, తింటున్నావు, అదే చాలనుకున్నాను అంది.

నేలియా ఆ మూటవైపు చూస్తూ నిలబడింది. ఇన్నాళ్లూ ఒకే బల్ల ముందు ఎదురెదురుగా కూర్చున్నారు. తను ఏమీ గమనించలేదు.

"ఇవాళ నువ్వు మిరపకాయకని పెరట్లోకి వెళ్లావు," అంది ఫిదేలియా. "చాలాసేపు రాలేదు. అప్పుడు వేశాను. ముక్కలకు బాగా రుద్దాను, గాట్లలోకి పోయేలా. నువ్వు మంట దగ్గర ఉన్నప్పుడు పళ్లముక్కల్లో కూడా చల్లాను. నా కొడుకు పళ్లెంలో చప్పిడికూడు పెడతాననుకున్నావా?"

ఒక కొవ్వొత్తి చిటపటమని ఊరుకుంది.

ఉప్పు వేసి ఉంటే, ఇప్పుడు పళ్లెంలో దాని రుచి లేకపోతే, దానికి ఆ ఇంట్లో అర్థం ఒక్కటే. అయితే వేసిందా? ఇంతసేపటికి దొరికిన నెమ్మది చేజారిపోకుండా అత్తగారు ఆ మాట ఇప్పుడు కల్పించిందేమో. అలా కల్పించినా తప్పు పట్టేవాళ్లెవరు? నేలియా అదే ఆలోచిస్తోందని ఫిదేలియాకు తెలిసినట్టుంది.

"పెనం మీద ఒక ముక్క ఉంది. మాడిందని బల్ల మీదికి తేలేదు. దాన్ని ఎవరూ ముట్టలేదు, ఇటువాళ్లూ, అటువాళ్లూ. వెళ్లి తిను. అందులో ఉప్పు లేకపోతే నేను అబద్ధాలకోరును. రేపు శిలువ వద్దు, ఏమీ వద్దు."

నేను చూస్తానమ్మా అని రుఫీనో ముందుకు వచ్చాడు.

"నువ్వు నోట్లో పెట్టకముందే అవునంటావు. నీ సాక్ష్యం నాకక్కర్లేదు," అంది తల్లి. "నీ వదిన తినాలి."

"నాకు తెలియదు అత్తమ్మా," అంది నేలియా. "ఉప్పు ఉన్నా నాకు తెలియదు. ఆగస్టునుంచి నా నోటికి ఏదీ తెలియడం లేదు."

"ఎరుగుదును. అయినా తిను."

వంటింట్లో పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. పెనం అంచున ముక్క ఒక పక్క నల్లబడి, చల్లారి, అంటుకుపోయి ఉంది. నేలియా గోటితో ఊడదీసింది. నిలబడే కొరికింది.

మొదట ఏమీ లేదు. మెత్తన, నార. నములుతూ అరలో ఉన్న జాడీని, దాని మీది గ్లాసును చూసింది. మింగబోయింది. అప్పుడు నాలుక పక్కన మాడిన చేదు సన్నగా తగిలింది. అది పోతుందేమోనని కదలకుండా నిలబడింది. పోలేదు. చేదు వెనక పుల్లనారింజ వచ్చింది. దవడలు రెండు పక్కలా నొప్పి పుట్టాయి, నోట్లో నీళ్లూరాయి. దాని వెనక ఉప్పు వచ్చింది.

ఎక్కువే వేసింది ముసలామె. గాట్లలోపల ఇంకా సరిగా కరగని గళ్లుప్పు పంటికింద పటుక్కుమంది.

నేలియా పొయ్యిగట్టు పట్టుకుంది. రెండోసారి కొరికింది. మళ్లీ ఉప్పే. మిరియం ఘాటు కూడా తెలిసింది. పెరట్లో ఎక్కడో తవ్వుతున్న మట్టివాసన, గోడమీది పొగవాసన, అన్నీ ఒకదాని వెనక ఒకటి తెలిశాయి, చాలాసేపు మొద్దుబారిన కాలికి రక్తం ఎక్కినట్టు, బాధపెడుతూ. అత్తగారు అబద్ధం చెప్పలేదు. ఇందులో ఉప్పు ఉంది. అయితే ఇందాక అందరితోపాటు తను తిన్న ఆ మరో ముక్కలో ఏముంది? అప్పుడు తన నోటికి ఏమీ తెలియలేదు. రుఫీనో నమలకుండా అవునన్నాడు. బ్రిహిదా ఏ ఇంట్లోనైనా అదే చెబుతుంది. తెలిసి చెప్పినది ఈ రేవులో ఫిదేలియా ఒక్కతే.

ఇప్పుడు ఇంకొకరికి తెలుస్తుంది.

అడుగులచప్పుడు విని తిరిగి చూసింది. గుమ్మంలో ఫిదేలియా నిలబడి ఉంది. ఎడమచేతిలో ఆకుపచ్చ అంచు పళ్లెం, అందులో చివరి ముక్క. కోడలి మొహం చూసింది. ముక్కను వేళ్లతో తుంచి, పసిబిడ్డకు పెట్టినట్టు నోటి దగ్గరికి తెచ్చింది.

"ఇప్పుడు ఇది తిని చెప్పు," అంది. "నేను పొరబడ్డానో లేదో చెప్పు."

ఆమె వెనక రుఫీనో మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

నేలియా నోరు తెరిచింది.